వంటింటి కిటికీ: గిన్నెలు తోమే సీసాలోంచి రెండు వేళ్ళు

మీ ఇంట్లో గిటారు ఉందా? లేకపోతే మీరు అదృష్టవంతులు. పోయిన నెల దాకా నేను అందరితోనూ ఇదే మాట అంటుండేదాన్ని.

మా ఇంట్లో ఉంది. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. పదో తరగతి సెలవుల్లో వాళ్ళ బాబాయి తను వాడి పక్కన పడేసిన గిటారొకటి తెచ్చి వీడి చేతిలో పెట్టాడు. మాష్టారంటూ ఎవరూ లేరు. తలుపేసుకుని వాడికి వాడే నేర్చుకుంటున్నాడు. పోనీ, ఏ పాత సినిమా పాటో వాయిస్తే మనకీ కాస్త కాలక్షేపంగా ఉండును కదా! అబ్బే, 'మెటల్' అట! స్టీలు డబ్బాలు మేడమెట్ల మీంచి దొర్లించినట్టుండే సంగీతం. అందులోనూ పాటంతా వాయించడు. నాలుగే నాలుగు చప్పుళ్ళు, నలభైసార్లు. కుక్కర్ మూడు కూతలు కూసేలోగా నాకు తలనొప్పి వచ్చేసేది.

పోయిన నెలలో కాలేజీ పరీక్షల మార్కులు వచ్చాయి. ఫిజిక్సులో అరవైకి ఇరవై రెండు. అంతే, గిటారు తీసి బీరువా మీద పెట్టేశాను.

"మొదలుపెట్టిన పని సరిగ్గా పూర్తిచెయ్యి. ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాను.

వాడు ఎదురు చెప్పలేదు. "టోనీ అయోమీ వాళ్ళమ్మ కూడా ఇదే మాట అంది" అని గొణుక్కుంటూ గదిలోకి వెళ్ళిపోయాడు.

ఎవరీ టోనీ? వాళ్ళమ్మ ఏమంది? అంటే ఏమయింది? రెండు రోజులు మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. మూడోరోజు సాయంత్రం చిక్కుడుకాయలు వలుస్తూ నేనే అడిగాను. వాడూ వచ్చి కూర్చుని నాలుగు కాయలు వలిచిపెడుతూ చెప్పాడు. వాడు చెప్పిందీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇవాళ మీకు చెప్తాను. మెటల్ సంగీతం మీకు నచ్చకపోయినా ఫరవాలేదు. నాకూ నచ్చదు. కానీ ఇందులో ఒక అమ్మ ఉంది, ఒక గిన్నెలు తోమే సబ్బు సీసా ఉంది. కాబట్టి ఇది మన పేజీలో ఉండాల్సిన కథే.

ఇనుప ఊళ్ళో ఒక్కగానొక్క కొడుకు

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అని ఒక పెద్ద ఊరుంది. లోహపు పనికి పెట్టింది పేరు. మేకులు, గొలుసులు, పెన్నుల పాళీల దగ్గర్నుంచి మోటారు కార్ల దాకా అన్నీ అక్కడ తయారయ్యేవి. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి చాలా భాగం దెబ్బతింది. యుద్ధం అయిన మూడేళ్ళకి, 1948 ఫిబ్రవరి 19న టోనీ అయోమీ ఆ ఊళ్ళో పుట్టాడు. వాళ్ళ పూర్వీకులు ఇటలీ వాళ్ళు. ఒక్కడే కొడుకు. తల్లి సిల్వియా. ఆస్టన్ అనే పేటలో వాళ్ళకో చిన్న దుకాణం ఉండేది. ఇల్లూ అదే, కొట్టూ అదే. ముందుగది నిండా సరుకులు. మన చిన్న ఊళ్ళలో కిరాణాకొట్టు నడిపే ఇళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసుగా, అలాగన్నమాట.

పిల్లాడికి డ్రమ్ములు వాయించాలని కోరిక. ఆ మోత ఇంట్లో భరించడం ఎవరి తరం? వాళ్ళ ఇంట్లో తండ్రీ, బంధువులూ అకార్డియన్ అనే వాద్యం వాయించేవారు. చూడ్డానికి మన హార్మోనియానికి దూరపు చుట్టంలా ఉంటుంది. ముందు అదే చేతికిచ్చారు. చివరికి గిటారు దగ్గర ఆగాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో 'షాడోస్' అని ఒక బృందం ఉండేది. పాట పాడకుండా ఉత్త గిటార్లతో రాగాలు వాయించేవారు. రేడియోలో వాళ్ళని వినడం, విన్నది తీగల మీద వెతుక్కోవడం. గురువూ అదే, బడీ అదే.

ఇంకో చిక్కేమిటంటే కుర్రాడిది ఎడమచేతి వాటం. ఎడమచేతి వాళ్ళకి సరిపోయే గిటార్లు అప్పుడు దొరకడమే కష్టం. వెతికి వెతికి అలాంటిది ఒకటి వాయిదాల మీద కొనిపెట్టింది వాళ్ళమ్మ. దీన్ని గుర్తుపెట్టుకోండి. కథలో తర్వాత అవసరం వస్తుంది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన వేళ

బడి మానేశాక టోనీ ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ పనిలో చేరాడు. సాయంత్రాలు గిటారు. 1965 నాటికి పదిహేడేళ్ళు. జర్మనీ వెళ్ళి వాయించే బృందం ఒకటి ఇతన్ని తీసుకుంది. పనికి నోటీసు ఇచ్చేశాడు. ఆ రోజే ఆఖరి రోజు.

మధ్యాహ్నం ఇంటికి భోజనానికి వచ్చాడు. "ఇంక నేను వెళ్ళను, ఈ పూటతో ఏం పోయింది?" అన్న ధోరణిలో వాళ్ళమ్మతో అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. వెళ్ళి పని సక్రమంగా ముగించి రమ్మంది.

ఏ అమ్మయినా అదే అంటుంది కదూ? మీరూ అంటారు, నేనూ అన్నాను.

వెళ్ళాడు. ఇతను రేకులు అతికే మనిషి. ఆ రోజు రేకులు వంచే మిషను దగ్గర పనిచేసే మనిషి రాలేదు. ఇతన్ని అక్కడ నిలబెట్టారు. అలవాటు లేని మిషను. చెయ్యి లోపల ఉండగా ప్రెస్సు మీదకి దిగింది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాగేశాడు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు... రెండిటి కొసలూ తెగిపోయాయి.

ఎడమచేతి వాటం వాడు గిటారు వాయించేటప్పుడు తీగలు మీటేది ఎడమచేత్తో. మెట్ల మీద తీగలు నొక్కేది కుడిచేత్తో. అంటే పోయినవి స్వరాలు పలికించే వేళ్ళే.

ఇక్కడ మావాడు చెప్పడం ఆపాడు. నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. వేళ్ళ సంగతి తర్వాత, ముందు నాకు ఆ తల్లే గుర్తొచ్చింది. ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టి ఉంటుందా? ఆవిడ చెప్పిన దాంట్లో తప్పులేదు. అయినా, "నేను పంపకుండా ఉంటే" అన్న మాట ఏ తల్లినయినా వదులుతుందా? బీరువా మీదున్న గిటారు వంక చూడలేకపోయాను.

ఫ్యాక్టరీ పెద్దాయన తెచ్చిన రికార్డు

డాక్టర్లు ఇంక గిటారు మానుకోమన్నారు. వేరే పని చూసుకోమన్నారు. కుర్రాడు ఇంట్లో కూర్చుని కుమిలిపోతున్నాడు. అప్పుడు ఆ ఫ్యాక్టరీలో పై అధికారి ఒకాయన చూడ్డానికి వచ్చి, ఒక గ్రామఫోను రికార్డు ఇచ్చి వినమన్నాడు. సంగీతం మాట ఎత్తితేనే ఏడుపొస్తున్న వేళ అది. ఇష్టం లేకుండానే విన్నాడు. గిటారు అద్భుతంగా ఉంది. అప్పుడు చెప్పాడట పెద్దాయన, ఆ వాయించినాయనకి ఎడమచేతిలో రెండు వేళ్ళే సరిగ్గా పనిచేస్తాయని!

ఆయన పేరు జాంగో రైన్‌హార్ట్. 1910లో బెల్జియంలో పుట్టాడు. ఊళ్ళు తిరుగుతూ బండ్లలో కాపురాలుండే జాతి వాళ్ళు. ఆయన భార్య సెల్యులాయిడుతో పూలు చేసి అమ్మేది. 1928లో ఒక రాత్రి బండిలో ఆ పూలకి నిప్పంటుకుంది. మంటల్లో జాంగో ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయాయి. మిగిలిన రెండు వేళ్ళతోనే మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకుని, 1934 నాటికి పారిస్‌లో సొంత బృందంతో పేరు తెచ్చుకున్నాడు. ఆయనా ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు కాదు.

మనం ఎవరింటికయినా పరామర్శకి వెళ్తే ఏం చేస్తాం? "అయ్యో పాపం" అంటాం. కాఫీ తాగి వస్తాం. ఈ పెద్దాయన ఒక రికార్డు పట్టుకెళ్ళాడు. చెయ్యగలవు అని నోటితో అనలేదు, చేసినవాణ్ణి చూపించాడు. పరామర్శ అంటే ఇదీ అనిపించింది నాకు.

సబ్బు సీసా, పాత తోలు కోటు

ఇప్పుడు మన వంటింటికి వద్దాం. గిన్నెలు తోమే లిక్విడ్ ప్లాస్టిక్ సీసాలో వస్తుంది చూశారూ? టోనీ అలాంటి ఖాళీ సీసా ఒకటి తీసుకుని కరిగించి, గోళీలా ఉండ చేశాడు. చల్లారాక వేడి సోల్డరింగ్ ఐరన్‌తో వేలు పట్టేంత గుంట చేశాడు. బాగా కుదిరేదాకా శాండ్ పేపరుతో అరగదీశాడు. బట్టలు కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుగు పెట్టుకుంటాం కదా, అచ్చం అలాంటివి రెండు తయారయ్యాయి.

పెట్టుకుని వాయిస్తే ప్లాస్టిక్ తీగ మీంచి జారిపోతోంది. అప్పుడు తన పాత తోలు కోటులోంచి చిన్న ముక్కలు కత్తిరించి కొసలకి అంటించాడు. తోలు మరీ కొత్తగా ఉంటే తీగని పట్టేసుకుంటుంది, మరీ నున్నగా ఉంటే జారుతుంది. రుద్ది రుద్ది ఆ మధ్యస్థం పట్టుకోవాలి. దోసె పెనం పదును పట్టించడం లాంటిదే అనుకోండి. ఎన్నో ఏళ్ళు అదే కోటులోంచి ముక్కలు కోసుకున్నాడు. బాగా పేరొచ్చాక ఆసుపత్రి వాళ్ళు కృత్రిమమైన చెయ్యి మొత్తం చేసి ఇస్తే, అందులో వేలి కొసలు రెండు మాత్రం కోసుకుని వాడుకున్నాడట!

తర్వాత తీగల సంగతి. మామూలు గిటారు తీగలు మందంగా ఉండి, ఆ తొడుగులతో నొక్కితే బాధ. సన్నవి అప్పట్లో అక్కడ దొరికేవి కావు. బాంజో అనే వాద్యానికి వాడే సన్న తీగలు తెచ్చి గిటారుకి కట్టుకున్నాడు. కొన్నాళ్ళకి ఇంకో ఉపాయం పట్టాడు. తీగల బిగువు తగ్గించడం. 1971లో వచ్చిన వాళ్ళ మూడో ఆల్బంలో చాలా పాటలకి గిటారు శ్రుతిని మూడు మెట్లు కిందికి దించేశాడు. మన లెక్కలో చెప్పాలంటే మూడు శ్రుతిలో ఉండే తీగని ఒకటిన్నర శ్రుతికి దించడం. వేళ్ళకి సుఖం. దాంతోపాటు శబ్దం బరువుగా, గంభీరంగా మారింది. ఆ బరువే ఇవాళ 'హెవీ మెటల్' అంటున్నదానికి పునాదిరాళ్ళలో ఒకటి. ఆ తర్వాత వేళ్ళు పదీ బాగున్న కుర్రాళ్ళు కూడా ఆ ధ్వని కోసం శ్రుతి దించుకోవడం మొదలెట్టారు.

"ఎందుకు సుఖంగా ఉంటుంది?" అని అడిగాను.

మావాడు లేచి వెళ్ళి ఫిజిక్సు పుస్తకం తెచ్చాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఆ పుస్తకం వాడంతట వాడు తెరవడం ఆ నెలలో అదే మొదటిసారి! తరంగాల పాఠంలో, బిగించి కట్టిన తీగ గురించి సూత్రాలున్నాయి. తీగ పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుందట. కాగితం తీసుకుని లెక్క వేశాడు. మూడు మెట్లు దించితే తీగ బిగువు నూటికి సుమారు ముప్పై వంతులు తగ్గుతుంది. అంటే వేలి మీద భారం కూడా ఆ మేరకి తేలికపడుతుంది.

"పరీక్షలో ఈ ప్రశ్న వచ్చిందా?" అన్నాను.

"వచ్చిందమ్మా. రాయలేదు" అన్నాడు తల దించుకుని.

వేళ్ళు పోయాక సాధన ఎలా చేశాడు?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. తొడుగులు పెట్టుకున్న వేళ్ళకి స్పర్శ ఉండదు. తీగ ఎక్కడుందో, ఎంత గట్టిగా నొక్కుతున్నాడో వేలు చెప్పదు. చెవే చెప్పాలి. గట్టిగా నొక్కితే స్వరం పైకి పోతుంది, తేలిగ్గా నొక్కితే బరబరమంటుంది. వాయించడం, వినడం, సరిదిద్దుకోవడం. మళ్ళీ వాయించడం. నలభైసార్లు. మావాడి నాలుగు చప్పుళ్ళు గుర్తొచ్చాయి నాకు.

కుడిచేతి వాటానికి మారిపోదామా అన్న ఆలోచన కూడా వచ్చిందట. అప్పటికే కొన్నేళ్ళు నేర్చుకున్నది వదిలి మళ్ళీ ఓనమాలు దిద్దే ఓపిక లేక ఉన్న చేతినే దారికి తెచ్చుకున్నాడు. నాలుగు వేళ్ళూ కలిసి పట్టాల్సిన పెద్ద పెద్ద స్వరమేళాలు ఇతనికి కుదరవు. అందుకని రెండు స్వరాలు పట్టి, వాటినే నిండుగా మోగించడం అలవాటు చేసుకున్నాడు. ఆ రెండూ ఏమిటో తెలుసా? మన షడ్జమం, పంచమం. తంబురా మీటితే వినపడే జంటే! చెయ్యలేనిదాని గురించి ఏడుస్తూ కూర్చోకుండా, చెయ్యగలిగినదాన్ని అరగదీసి అరగదీసి అందులోంచే తన బాణీ తీశాడు.

ఇంకో సంగతి. 1968 చివర్లో 'జెత్రో టల్' అనే పేరున్న బృందంలో కొద్దిరోజులు చేరాడు. అక్కడ వాళ్ళు పొద్దున్నే ఆఫీసుకెళ్ళినట్టు వేళకి సాధనకి రావడం చూశాడు. ఇమడలేక తిరిగొచ్చేశాడు గానీ, ఆ అలవాటు మాత్రం వెంట తెచ్చుకున్నాడు. తన స్నేహితులు ముగ్గురు, పాడే ఓజీ ఆస్‌బర్న్, బాస్ గిటారు గీజర్ బట్లర్, డ్రమ్ములు బిల్ వార్డ్. అందర్నీ పొద్దున్న తొమ్మిదింటికల్లా సాధనకి లేపి కూర్చోబెట్టేవాడు. జుట్టు పెంచుకున్న వీళ్ళు మధ్యాహ్నం దాకా పడుకుంటారనుకుంటాం మనం!

జర్మనీలోని హాంబర్గులో రోజుకి చాలాసార్లు, విడతకి ముప్పావుగంట చొప్పున వాయించారు. అంత అరిగిపోయేదాకా వాయించబట్టే, 1969 అక్టోబరులో మొదటి ఆల్బం రికార్డింగు ఒక్కరోజులో ముగించగలిగారు. 'బ్లాక్ సబ్బత్' అన్న పేరుతో 1970 ఫిబ్రవరి 13న అది బయటికొచ్చింది. బృందం పేరూ అదే. ఒక పాత దెయ్యాల సినిమా నుంచి తీసుకున్న పేరు.

మా అత్తగారి తీర్పు

ఆ ఆల్బంలో మొదటి పాట మావాడు వినిపించాడు. వానచప్పుడు, గంట మోత, ఆ తర్వాత ఒక్కసారిగా మూడే మూడు స్వరాలు. నాకు గుండె జల్లుమంది. మా అత్తగారు హాల్లో కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. ఆవిడ చిన్నప్పుడు నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నారు.

"ఏదీ, మళ్ళీ వినిపించు" అన్నారు.

వినిపించాడు.

"షడ్జమం, పై షడ్జమం, అక్కణ్ణించి దిగి ప్రతి మధ్యమం మీద నిలిపాడు. అంతేగా! ఇందులో భయపడ్డానికేముంది?" అన్నారు.

మావాడు నోరు తెరిచాడు. పాశ్చాత్య సంగీతంలో ఆ రెండు స్వరాల ఎడాన్ని ఎప్పట్నుంచో 'దెయ్యపు ఎడం' అంటారట. వింటే మనసు నిలవదని, అశాంతిగా ఉంటుందని. భయం పుట్టించడానికే టోనీ దాన్ని అక్కడ వాడాడు. మనకేమో డెబ్భై రెండు మేళకర్త రాగాల్లో సగం, ముప్పై ఆరు, ప్రతి మధ్యమంతోనే ఉన్నాయి. కల్యాణి రాగం కూడా అందులోదే. పేరులోనే శుభం. ఒకే స్వరం, ఒకచోట దెయ్యం, ఒకచోట కల్యాణం. చుట్టూ ఏ స్వరాలున్నాయన్నదాన్ని బట్టి అంతా మారిపోతుంది. పిల్లల సంగతీ అంతేనేమో!

ఆ రాత్రి నేను స్టూలెక్కి గిటారు దింపాను. మావారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

ఒప్పందం

గిటారు ఇచ్చేశానని చదువు వదిలెయ్యమని కాదు. వాడూ నేనూ కూర్చుని మాట్లాడుకున్నాం. సాయంత్రం ఆరింటి నుంచి ఏడింటి దాకా గిటారు. ఆ గంట నేను లోపలికి రాను, ఉప్పు పప్పు తెమ్మని పిలవను. ఏడు కొట్టాక పుస్తకం. ఆ తర్వాత వాడు బయటికి రాడు. పదిహేను రోజులయింది. రెండుసార్లు వాడు మాట తప్పాడు, ఒకసారి నేను తప్పాను. కొత్తిమీర అయిపోయిందండీ, ఏం చెయ్యను!

మీ ఇంట్లోనూ గురువు లేకుండా గిటారు నేర్చుకునే పిల్లలుంటే, ఈ పదిహేను రోజుల్లో నేను తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయి.

* ఆదివారం మూడు గంటలు వాయించి మిగతా వారమంతా మానేసే కంటే రోజూ అరగంట నయం. వీలయితే ఇరవై నిమిషాల చొప్పున రెండు విడతలు.

* కొత్త ముక్క ఏదయినా మొదట బాగా నెమ్మదిగా వాయించాలి. తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని, ఒక వేగంలో తప్పులేకుండా వచ్చాకే కొంచెం పెంచాలి. వేగంగా తప్పు వాయిస్తే వేళ్ళు ఆ తప్పునే నేర్చుకుంటాయి.

* పిల్లాడు ఒకే ముక్క పదేపదే వాయిస్తుంటే, "ఇంకేమీ రాదా నీకు?" అనకండి. అదే సాధన. మన సంగీతంలో సరళీ వరసలు ఎన్నిసార్లు పాడిస్తారు?

* కొత్తలో వేలికొసలు మండుతాయి. కొన్ని వారాలకి చర్మం గట్టిపడుతుంది, భయం లేదు. మణికట్టు, మోచెయ్యి నొప్పి పుడితే మాత్రం వెంటనే ఆపించండి. తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. మొదట్లో సన్న తీగలు వేయించడం మంచిది.

* నొక్కే చేతి గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవాలి. గోరు అడ్డమొస్తే తీగ సరిగ్గా ఆనదు.

* వాయించడం అయ్యాక పొడి నూలుబట్టతో తీగలు ఒక్కసారి తుడిచిపెట్టాలి. మన ఎండలకి, చెమటకి తీగలు తొందరగా తుప్పు పడతాయి. పాత బనీను ముక్క చాలు.

* చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మనకి ప్రశాంతమే, కానీ శబ్దం తగ్గించి పెట్టుకోమనండి. చెవి పోతే ఏ తొడుగూ లేదు.

ఆ తర్వాత

టోనీ అయోమీ ఆ తొడుగులతోనే యాభై ఏళ్ళకి పైగా వాయించాడు. 2012లో క్యాన్సర్ బయటపడింది. వైద్యం చేయించుకుంటూనే పాటలు చేశాడు, ఊళ్ళు తిరిగాడు. 2025 జులై 5న, తాము పెరిగిన ఆస్టన్ పేటలోనే విల్లా పార్క్ అనే ఫుట్‌బాల్ మైదానంలో నలుగురు మిత్రులూ కలిసి ఆఖరిసారి వాయించారు. టోనీకి అప్పటికి డెబ్భై ఏడేళ్ళు. పార్కిన్‌సన్స్ జబ్బుతో నిలబడలేని ఓజీ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. ఆ వచ్చిన డబ్బు దానధర్మాలకి ఇచ్చారు. సరిగ్గా పదిహేడు రోజులకి, జులై 22న ఓజీ కన్నుమూశాడు.

ఆ రోజు వాయించిన వీడియో మావాడు చూపించాడు. అందరూ ఓజీని చూస్తారట. నేను మాత్రం ఆ కుడిచేతి వేళ్ళనే చూశాను. కొసల మీద చిన్న టోపీల్లాంటివి రెండు, తీగల మీద తాపీగా నడుస్తున్నాయి.

ఆ తల్లిని తప్పుపట్టాలని నాకు అనిపించడం లేదు. వాయిదాల మీద గిటారు కొనిపెట్టిందీ ఆవిడే, పని ముగించి రమ్మని పంపిందీ ఆవిడే. రెండూ ప్రేమతో చేసినవే. మన మాట మంచిదే అయినా దాని ఫలితం మన చేతిలో ఉండదు. అలాగని చెప్పాల్సిన మాట చెప్పకుండా ఉండగలమా?

నేనిప్పటికీ మావాడితో "మొదలుపెట్టిన పని పూర్తిచెయ్యి నాన్నా" అనే అంటున్నాను. కాకపోతే ఇప్పుడు కాలేజీకి బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వెళ్ళి, "చెయ్యి జాగ్రత్త" అని కూడా అంటున్నాను. వాడు నవ్వుతాడు. నవ్వనీండి.

ఇది రాస్తుంటే ఆరయింది. లోపల నాలుగు చప్పుళ్ళు మొదలయ్యాయి. నిన్నటికంటే కొంచెం నెమ్మదిగా, కొంచెం శుభ్రంగా ఉన్నట్టనిపిస్తోంది. లేకపోతే నా చెవే అలవాటు పడుతోందేమో!

మీ ఇంట్లో ఏ మోత మోగుతోంది? రాయండి. వచ్చేవారం నిమ్మకాయ కారం కబుర్లతో మళ్ళీ కలుద్దాం.